కరిసల్ సీమ గిటారువాదకుల పక్షమున ఒక విన్నపము

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల భాషా సాంస్కృతిక శాఖల సంచాలకులకు,

మదురైనుండి తిరునెల్వేలికి పోవు రాజమార్గమున విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి పట్టణములు వరుసగా వచ్చును. ఈ మార్గమునకు ఇరుప్రక్కల దిగంతమువరకు పరచుకొనియున్న నల్లరేగడి భూమిని ఇచ్చటివారు కరిసల్ అందురు. ప్రత్తికిని, మిరపకును, అగ్గిపెట్టెలకును, 2020లో భౌగోళిక గుర్తింపు నందిన కోవిల్‌పట్టి వేరుసెనగ మిఠాయికిని పేరువడిన ఈ సీమలో, విజయనగర రాజుల, మధుర నాయకరాజుల కాలములనుండి తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు, కమ్మ నాయుళ్లు, రెడ్డియార్లు, రాజకంబళ నాయకులు మొదలైనవారు, నేటికిని ఇంటిలో తెలుగే మాటలాడుచున్నారు. వారి పిల్లలలో గిటారు చేపట్టినవారు నానాటికి హెచ్చుచున్నారు. సంపాదనకై గాక సంతోషమునకై వాయించు ఆ కోవలోనివాడనే నేనును. పగలు విరుదునగర్‌లో ఉద్యోగము, రాత్రి కోవిల్‌పట్టి ఇంటిలో ఉక్కుతీగెల గిటారు, ఇదియే నా జీవితక్రమము.

ఇంటిలో గిటారు వాయించువాడు తన వాదనమును తానే రికార్డు చేసికొనదలచిన దినమున మొట్టమొదట అడుగు ప్రశ్న ‘ఏ సాఫ్ట్‌వేరు మంచిది?’ అనునది. వాద్యముల అంగడిలో ఒకరు ఒక పేరు చెప్పుదురు. వీడియోలలో మరొకరు మరొక పేరు చెప్పుదురు. చెన్నై స్టూడియోలో పనిచేయు బంధువు మూడవ పేరు చెప్పును. ఈ సలహాలన్నియు వృత్తికళాకారుని అవసరములను చూచి పుట్టినవేగాని, ఒక గిటారు, ఒక మైకు, ఒక పాత ల్యాప్‌టాపు తప్ప వేరేమియు లేని గృహస్థుని కొరకు పుట్టినవి కావు. మా సీమకు సంబంధించినంతవరకు ఈ ప్రశ్న సంగీతముతోపాటు తెలుగుభాషను కూడ తాకునదని నేను దృఢముగా నమ్ముచున్నందున, దాని సమాధానమును అంగడివారికి విడిచిపెట్టక, భాషాసంస్కృతుల రక్షణభారము వహించిన తమ ఎదుట ఉంచుచున్నాను.

మా ఇండ్లలో తెలుగు చెవికి వినబడును గాని కంటికి కనబడదు. బడిలో తమిళమును ఆంగ్లమును నేర్చిన మా తరమువారిలో తెలుగు లిపి చదువగలవారు అరుదు. అవ్వ పాడు లాలిపాటను గాని, పెండ్లినాటి అప్పగింతల పాటను గాని వ్రాసికొనదలచిన మనుమరాలు తమిళలిపిలో వ్రాసికొనును. ఆ లిపిలో క-గ లకును, ప-బ లకును వేరు వేరు అక్షరములు లేనందున, అవ్వ పలుకులోని సొంపు కాగితముపైకి రాకమునుపే చాలవరకు హరించిపోవును. కోవిల్‌పట్టికి చేరువనున్న ఇడైచెవల్ గ్రామమున, తెలుగు మాతృభాషగా గల కుటుంబమున జన్మించిన కి. రాజనారాయణన్, తెలుగునేలనుండి వలసవచ్చిన పూర్వుల కథను 1976లో ‘గోపల్ల గ్రామం’ అను నవలగా తమిళమున వెలయించిరి. దాని తరువాయియగు ‘గోపల్లపురత్తు మక్కళ్’ 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారము నందెను. ఆ మహనీయుని లేఖిని పుణ్యమున కథ నిలిచినది. అట్టి కథలను మాకు తెలుగులో చెప్పిన అవ్వల గొంతులు మాత్రము నిలువలేదు.

లిపి దక్కని తెలుగునకు ధ్వనియే శరణ్యము. దానిని పట్టి నిలుపుటకు పరిశోధకుల రాకకై ఎదురుచూచుచు కూర్చుండినచో కాలము మించిపోవును. మంచముప్రక్కనే కూర్చుండి, అవ్వ ఎత్తుకొనిన శ్రుతికి సరిపడ గిటారు మెడకు కేపో బిగించి, ఆమె అలసినపుడు ఆగి, తిరిగి పాడదలచినపుడు అందుకొనగలవాడు ఆమె మనుమడే. వానిచేతిలోని సాఫ్ట్‌వేరు ఏది యను విషయము ఇందువలననే ముఖ్యమగుచున్నది.

ఇట్టి ఎంపిక ఈ సీమకు క్రొత్త కాదు. కోవిల్‌పట్టికి తూర్పుదిక్కున, బస్సులో కొంతసేపటికే చేరగల ఎట్టయపురము ఒకప్పుడు తెలుగు మూలములు గల పాళెగాండ్ర సంస్థానము. ముత్తుస్వామి దీక్షితులు 1835లో దేహము చాలించినది ఇచ్చటనే. ఆయన తమ్ముడు బాలస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపావారియొద్ద వయొలిన్ అభ్యసించి, ఆ వాద్యమును కర్ణాటక సంగీతమునకు అలవరచినవారిలో ప్రథమగణ్యుడై, పిదప ఎట్టయపురమున ఆస్థానవిద్వాంసుడుగా నుండెను. పరదేశపు తంత్రీవాద్యమును మన గమకమునకు లొంగదీయుట సాధ్యమేనా అని గిటారు పట్టిన పిల్లలు నన్ను అడిగినపుడెల్ల నేను చూపునది ఈ ఎట్టయపురపు దారినే.

ఆ బాలస్వామి దీక్షితుల దౌహిత్రుడును దత్తపుత్రుడునగు సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని ఎట్టయపురము విద్యావిలాసినీ ముద్రాక్షరశాలయందు, సంస్థానాధీశుని పోషణమున, తెలుగు లిపిలో ప్రకటించిరి. తమిళదేశపు నడిబొడ్డున, వందలకొలది పుటల సంగీతగ్రంథము తెలుగు అక్షరములలో అచ్చుపడుట నేటి తెలుగువారిలో ఎందరికి తెలియునో గాని, మాకు అది నిత్యస్మరణీయము. ఆ గ్రంథరచనకు ఆయనను పురికొల్పినవారు చిన్నస్వామి ముదలియారు. ఆయన 1890 ప్రాంతముననే మన కృతులను ఐరోపా స్వరలిపిలో అచ్చువేయ పూనుకొని, ప్రామాణిక పాఠములకై సుబ్బరామ దీక్షితుల నాశ్రయించిరి. ఐరోపా స్వరలిపి జగద్వ్యాప్తమైనది, శాస్త్రీయమైనది, గౌరవము గలది. అయినను సుబ్బరామ దీక్షితులు తమ గ్రంథమునకు మన స్వరాక్షరములనే గ్రహించి, కంపితము, స్ఫురితము, నొక్కు, వళి, జారు మున్నగు గమకములకు ప్రత్యేక చిహ్నములు నిర్ణయించి వాడిరి. ప్రపంచమంతయు వాడుచున్నది గనుక దానినే స్వీకరింతమనక, తన సంగీతమున నశింపకూడనిది ఏది యని మొదట నిర్ణయించుకొని, దానికి తగిన సాధనమును ఎన్నుకొనుట ఆయన వివేకము.

మరియొక విశేషము కలదు. ఆ గ్రంథమును విప్పుటకు ఎవని అనుమతియు అక్కరలేదు, ఎవనికిని ఏటేట రుసుము చెల్లింపనక్కరలేదు. 1961 నుండి మద్రాసు మ్యూజిక్ అకాడెమీ దానిని తమిళలిపిలోనికి మార్చి సంపుటములుగా ప్రకటింపగలుగుటకు కారణము, మూలము చదువనేర్చిన ప్రతివానికిని తెరచియుండుటయే.

ఇప్పుడు సాఫ్ట్‌వేరుల సంగతికి వత్తును. నేడు పేరుమోసిన రికార్డింగు సాఫ్ట్‌వేరులలో కొన్ని బాడుగపద్ధతిని దొరకును. నెలకింత, ఏటికింత అని బాడుగ చెల్లింపవలయును. మా పట్టణపు మిత్రుడొకడు అట్టి బాడుగ సాఫ్ట్‌వేరులో తన నాయనమ్మ పాటకు గిటారు జతకూర్చి దాచుకొనెను. గడువు తీరి, ఉద్యోగము మారి, బాడుగ కట్టలేకపోయిన పిదప, ఆ పాట వాని డిస్కులోనే యున్నను వానికి తెరచుకొనలేదు. విలాసముగా వాయించుకొనిన పాటయైన పోనిమ్మనవచ్చును. కాని ఆ నాయనమ్మ మరల పాడుటకు లేదు.

బాడుగ లేకున్నను, యజమాని మనసు మారినచో ఏమగునో కేక్‌వాక్ చరిత్ర చెప్పును. 1987లో ఆరంభమైన ఆ సాఫ్ట్‌వేరును ఎందరో గృహస్థులు ఏండ్లతరబడి వాడుచుండగా, దానిని 2013లో కొనిన గిబ్సన్ సంస్థ 2017 నవంబరులో దాని అభివృద్ధిని నిలిపివేసెను. మరుసటి యేడు బ్యాండ్‌ల్యాబ్ సంస్థ కొని ఉచితముగా పంచిపెట్టినందున గండము గడచినది గాని, ప్రతి సాఫ్ట్‌వేరునకు అట్టి రక్షకుడు దొరకునను నమ్మకము లేదు. కావున నేను పెట్టు ప్రథమపరీక్ష ఇది: సాఫ్ట్‌వేరు అంతరించినను రికార్డింగు బ్రతుకునా?

ఈ పరీక్షలో నెగ్గుటకు ఒక్కొక్క ట్రాకు వావ్ అను సామాన్యరూపమున, వేరుగా, డిస్కుపై ఉండవలయును. 1991లో మైక్రోసాఫ్టు, ఐబీఎం సంస్థలు ప్రవేశపెట్టిన ఈ రూపమును నేటి ఏ యంత్రమైనను చదువును. సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కొక్కటికి 24 బిట్లు చొప్పున ఒక మైకుతో రికార్డు చేసినచో, నిమిషమునకు సుమారు 8.6 మెగాబైట్లు, గంటకు 520 మెగాబైట్లు మించదు. చిన్న పెన్‌డ్రైవులో ఒక అవ్వ పాటలన్నియు ఇముడును. స్థలము చాలదని ఎంపీ3 రూపమున మాత్రమే దాచి, అసలును చెరిపివేయుట ఎవ్వరికిని తగదు.

రెండవ విషయము ఆలస్యము. ఒకసారి వాయించిన గిటారును చెవిగొట్టములలో వినుచు దానిపై రెండవ గిటారు వాయించునపుడు, మీటిన ధ్వని కంప్యూటరులోనికి పోయి తిరిగి చెవికి చేరులోపల కొంత కాలము గడచును. కంప్యూటరు ఒక్క విడతకు పోగుచేయు నమూనాల సంఖ్య, అనగా బఫరు, 256గా నున్నచో ఆ ఆలస్యము ఒక్కొక్క మజిలీకి ఐదు మిల్లీసెకన్లకు కొంచెము పైచిలుకు, 2048గా నున్నచో నలుబదికి పైన. నలుబది మిల్లీసెకన్ల ఆలస్యము గల ధ్వనిని వినుచు లయ తప్పక వాయించుట దుర్ఘటము. ఇందుకై ఖరీదైన సాఫ్ట్‌వేరు కొనుమని సలహా చెప్పువారు కలరు. ఆ ధనములో ఒక భాగముతో, మైకు ధ్వనిని కంప్యూటరునకు పంపకమునుపే తిన్నగా చెవికి వినిపించు ఏర్పాటుగల చిన్న ఆడియో ఇంటర్‌ఫేసు కొనినచో, ఈ బాధ ఏ సాఫ్ట్‌వేరులోనైనను చాలవరకు తీరును. గృహస్థుడు ధనము వెచ్చించవలసినది అచ్చట.

గిటారు అతిమంద్రతీగె పౌనఃపున్యము సుమారు 82 హెర్ట్‌జ్. దానికి దిగువన మనకు వలసినది ఏదియు లేదు. ఆ దిగువననే మన ఇండ్లలోని శత్రువులు నివసింతురు: 50 హెర్ట్‌జ్ విద్యుత్తు ఝంకారము, పంకా గాలి దెబ్బ, రాజమార్గముపై లారీల గర్జనము. 70కి దిగువ ధ్వనులను వడకట్టు సాధనము ఉచిత సాఫ్ట్‌వేరులలో కూడ కలదు. చప్పుడు తొలగించు ‘నాయిస్ రిడక్షన్’ సాధనమును మాత్రము మిక్కిలి పొదుపుగా వాడుడని పిల్లలకు చెప్పుదును. తీగె మీటిన పిదప సన్నగిల్లుచు పోవు నాదమును, పాట చివర అవ్వ విడుచు ఊపిరిని అది చప్పుడని భ్రమించి కోసివేయును. మే నెల ఎండలో సైతము పంకా ఆపి, అర్ధరాత్రి దాటిన పిదప, మైకును పండ్రెండవ మెట్టునకు ఎదురుగా, మూరెడు దూరమున నిలిపి వాయించినదానితో సమానమగు శుభ్రత ఏ సాఫ్ట్‌వేరును ఈయజాలదు. రాజకంబళ నాయకుల దేవరాట్టమను నృత్యమునకు మ్రోయు దేవదుందుభి యను వాద్యమును గిటారుతో కలిపి పట్టదలచినపుడు మాత్రము ఆరుబయటనే, మైకు మట్టము బాగుగ తగ్గించి పట్టవలయును. 24 బిట్ల రికార్డింగులో మట్టము తగ్గినందున నష్టము లేదు, మితిమీరి చిట్లిన ధ్వనికి మాత్రము చికిత్స లేదు.

ఈ కొలతలతో చూచి నేను చెప్పు తీర్పు ఇది. ఒక కంఠము, ఒక గిటారు, ఒక మైకు గలవానికి ఆడాసిటీ చాలును. 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున డామినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ అనువారు ఆరంభించి 2000లో లోకమునకిచ్చిన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు వెల లేదు, పాత కంప్యూటరుపై నడచును, రికార్డింగు నడుమ కరెంటు పోయినను తిరిగి తెరచినపుడు మిగిలినదానిని చాలవరకు కూర్చి యిచ్చును. దాని ప్రాజెక్టు ఫైలు అన్నింటిని ఒక్కటిగా మూటగట్టును గనుక, పని ముగిసిన వెంటనే ట్రాకులను వావ్ రూపమున వేరుగా ఎగుమతి చేసికొనుట మరువరాదు. రెండు మూడు గిటారులను, తాళమును, కంఠమును పొరలుపొరలుగా పేర్చదలచినవానికి ఆడాసిటీ ఇరుకగును. వాడు ఆర్డోర్‌కో రీపర్‌కో పోవలయును. ఆర్డోర్ మూలసంకేతము సర్వులకు తెరచియున్నది. రీపర్ అట్టిది కాదు గాని, అరువది దినములు ఉచితముగా పరీక్షింపనిచ్చి, పిదప సామాన్యునికి అరువది డాలర్ల వెలకు చిరకాలపు అనుమతి నిచ్చును. ఈ రెండును ట్రాకులను వేరువేరు ధ్వనిఫైళ్లుగా డిస్కుపై ఉంచుటయేగాక, ఏ ట్రాకు ఎచ్చట మొదలగునో తెలుపు ప్రాజెక్టు ఫైలును సామాన్యాక్షరములలో వ్రాసిపెట్టును. సాఫ్ట్‌వేరు మరుగైనను ఆ ఫైలును చదివి పాటను తిరిగి కూర్చవచ్చును. సుబ్బరామ దీక్షితుల గ్రంథమునకు నేటి సాధనములలో ఇంతకంటె సమీపమైన గుణము నాకు కనబడలేదు. ఆపిల్ కంప్యూటరు గలవానికి గ్యారేజ్‌బ్యాండ్ వెల లేకయే లభించును, వాడుకొనవచ్చును. ఏబుల్‌టన్ లైవ్, ఎఫ్‌ఎల్ స్టూడియో మొదలగునవి లయఖండములను పేర్చువారికి అనువైనవి. గిటారువాదకుడు వానికై ఖర్చుపడనక్కరలేదు.

ఇంత స్వల్పసాధనముతో ఏమి సాధ్యమని సందేహించువారికి అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్పుదును. 1982లో వెలువడిన బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ గారి ‘నెబ్రాస్కా’ ఆయన తన ఇంటిలో, గిటారు వాయించుచు పాడి, టాస్కామ్ పోర్టాస్టూడియో అను నాలుగు ట్రాకుల క్యాసెట్టు యంత్రముపై పట్టినదే. స్టూడియోలో బృందముతో తిరిగి పాడి చూచి, తృప్తి చాలక, ఆ క్యాసెట్టునే లోకమునకిచ్చిరి. నేటి మా పిల్లల పాత ల్యాప్‌టాపులో ట్రాకులు నాలుగింటితో ఆగవు. రికార్డింగు వలన ఏమి నిలుచునో మా ఊరే చెప్పును: కోవిల్‌పట్టిలో విగ్రహరూపమున నిలిచియున్న నాదస్వర విద్వాంసుడు కారుకురిచ్చి అరుణాచలం 1964లో గతించినను, 1962 నాటి ‘కొంజుం సలంగై’ చిత్రమున తెలుగింటి ఆడపడుచు ఎస్. జానకి కంఠమునకు సరిజోడుగా మ్రోగిన ఆయన నాదస్వరము నేటికిని మా ఇండ్లలో మ్రోగుచున్నది. మంచి రికార్డింగు జరిగినందుననే కదా!

మహాశయులారా, మా కోరికలో పెద్ద వ్యయము లేదు. సాఫ్ట్‌వేరులు కొనిపెట్టుడని అడుగుట లేదు. మంచివి ఉచితముగానే యున్నవి. మొదటగా, ఆడాసిటీ, ఆర్డోర్ వంటివాని వాడుకను మైకు పెట్టుటనుండి వావ్ ఎగుమతివరకు మాటలతో బోధించు పాఠములను సులభమైన తెలుగులో సిద్ధపరపుడు. అవి పుస్తకరూపమున కాక ధ్వనిరూపమున ఉండవలయును, ఏలయనగా మా పిల్లలు తెలుగు వినగలరు, చదువలేరు. మా పలుకుబడి తమకు వింతగా తోచినను, పాఠములు చెప్పువారిలో ఒకరైనను ఈ సీమవారై యుండునట్లు చూడుడు. పిదప, మా పిల్లలు పంపు రికార్డింగులను మూలరూపమున, కుదింపక, పాడినవారి ఊరు, వయస్సు, పాట సందర్భము తెలుపు వివరములతో సహా స్వీకరించి భద్రపరచు ఒక ధ్వనిభాండాగారమును ఉభయ రాష్ట్రములు కలసి నెలకొల్పుడు. పాడినవారి కుటుంబమునకు ఆ పాటపై హక్కు నిలుచునట్లును, అడిగిన ప్రతివానికి వినుటకు దొరకునట్లును నియమములు వ్రాయుడు. రాష్ట్రపు ఎల్లలకు వెలుపలనున్న తెలుగు తమ పరిధిలోనిది కాదను నియమము ఏదైన నున్నచో, దానిని సవరించుటకు తమ ప్రభుత్వములకు నివేదింపుడు.

ఈ సీమలో ఎనుబది దాటిన అవ్వలు ఇంకను పాడుచున్నారు. గిటారులును మైకులును మావద్ద సిద్ధముగా నున్నవి. పాఠములు ఈ సంవత్సరమే వచ్చునట్లు చేయుడని వేడుకొనుచున్నాను.

ఇట్లు, భవదీయుడు,
కోవిల్‌పట్టి వాస్తవ్యుడగు ఒక గిటారువాదకుడు